ఎండిన రాయికి మళ్లీ ఉప్పునీరు: పాత అక్వేరియం రాళ్లను తిరిగి వాడుకోవడం ఎలా?

దక్షిణ అండమాన్‌లోని వండూర్, చిడియా టాపు తీరాల్లో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఇసుకతో పాటు తెల్లని రాతి ముక్కలు బయటపడతాయి. కొన్ని కొమ్మల్లా, కొన్ని గుండ్రని బంతుల్లా ఉంటాయి. చేతికి తీసుకుని చూస్తే ఒళ్లంతా సన్నని రంధ్రాలు. ఒకప్పుడు అవన్నీ సజీవమైన పగడాలు. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఏర్పాటు చేసుకోవాలనుకునే వారికి ఆ రాళ్లను చూడగానే ఒక ఆలోచన రావడం సహజం: ‘ఎవరికీ అక్కరలేని రాళ్లే కదా, నాలుగు తీసుకువెళితే నష్టమేమిటి?’

అదే ఇంటి పెరట్లోనో, మేడ మెట్ల కిందనో, పాత అక్వేరియం తీసేసినప్పుడు పక్కన పడేసిన రాళ్లు గోనెసంచిలో ఏళ్ల తరబడి ఎండుతూ ఉండవచ్చు. దుమ్ము పట్టి, నల్లబడి, పాత నాచు వాసన వేస్తున్న ఆ రాళ్లు ఇక పనికిరావన్నది చాలామంది అభిప్రాయం. వాస్తవం ఇందుకు భిన్నం. తీరంలోని రాయిని ముట్టుకోవడం నేరం. సంచిలోని రాయి మాత్రం సరైన పద్ధతిలో సిద్ధం చేస్తే కొత్త రాయికి ఏమాత్రం తీసిపోదు. అందుకు కావలసినవి కొన్ని సాధారణ వస్తువులు, కొంత జాగ్రత్త, రెండు మూడు నెలల ఓపిక.

తీరంలోని రాయి ఎవరిది?

దేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా నాలుగు ప్రాంతాల్లో ఉన్నాయి: అండమాన్ నికోబార్, లక్షద్వీప్, తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖ, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దిబ్బలను నిర్మించే రాతి పగడాలన్నింటినీ 2001లో ఆ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. నల్ల పగడాలు, అగ్ని పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, సముద్రపు విసనకర్రలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అంటే చట్టం దృష్టిలో పగడానికీ, పులికీ ఒకే స్థాయి రక్షణ.

ఈ రక్షణ బతికున్న పగడానికి మాత్రమే పరిమితం కాదు. చనిపోయిన పగడపు అస్థిపంజరం కూడా దీని పరిధిలోకే వస్తుంది. షెడ్యూలు జీవికి సంబంధించిన నేరాలకు కనీసం 3 సంవత్సరాల నుంచి 7 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. పర్యాటకులు జ్ఞాపికగా సంచిలో వేసుకున్న చిన్న ముక్క సైతం పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయ తనిఖీలో పట్టుబడవచ్చు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. పేరు మారినా నిబంధన మారలేదు. విశాఖపట్నం నుంచి నౌకలో వచ్చి వెళ్లే ప్రయాణికులకూ ఇదే వర్తిస్తుంది.

చట్టం ఇంత కఠినంగా ఉండటానికి కారణం ప్రకృతిలోనే ఉంది. గుండ్రని పోరైటిస్ జాతి పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. ఫుట్‌బాల్ అంత రాయి తయారు కావడానికి దాదాపు పదేళ్లు కావాలి. చనిపోయిన తరువాత కూడా ఆ రాయి వృథా కాదు. నీటిలో తేలుతూ వచ్చే పగడపు లార్వాలు అతుక్కుని పెరగడానికి గట్టి ఆధారం అదే. అలల ధాటికి అరిగి ఇసుకగా మారి తీరాన్ని నిలిపేదీ అదే. మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం దశాబ్దాల పాటు పగడపు రాళ్లను తవ్వారు. తీరరక్షణ కోల్పోయిన రెండు చిన్న దీవులు చివరకు సముద్రంలో మునిగిపోయాయి. ఒక్కొక్కరు తీసుకువెళ్లినది కొద్దిపాటి రాయే అయినా, మొత్తం మీద ఫలితం ఎలా ఉంటుందో చెప్పే ఉదాహరణ ఇది.

రాయి చేసే పని ఏమిటి?

ఉప్పునీటి అక్వేరియంలో రాయి అలంకారం కోసం కాదు. అది నీటిని శుద్ధి చేసే సాధనం. చేపల విసర్జన, మిగిలిపోయిన ఆహారం కుళ్లినప్పుడు అమోనియా పుడుతుంది. చేపలకు అది విషం. సముద్రపు నీటికి క్షారగుణం ఎక్కువ కాబట్టి అక్కడ అమోనియా తీవ్రత మంచినీటిలో కంటే అధికం. రాతి ఉపరితలంపై నివసించే ఒక రకం బాక్టీరియా ఈ అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. మరొక రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. రాతి లోపలి రంధ్రాల్లో ప్రాణవాయువు అందని చోట ఉండే మరికొన్ని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపుతాయి. రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో ఈ నైట్రీకరణ బాక్టీరియాను వేరుచేసి ప్రపంచానికి పరిచయం చేశారు.

రాయికున్న ఈ శక్తిని అక్వేరియం రంగానికి చాటిచెప్పిన తొలి వ్యక్తుల్లో అండమాన్‌కు పొరుగునే ఉన్న ఇండోనేసియాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒకరు. సముద్రం నుంచి తెచ్చిన ‘సజీవ శిలలు’, సన్నని గాలిబుడగలు మాత్రమే ఆధారంగా సముద్రజీవులను పెంచవచ్చని ఆయన 1961లో రాసిన వ్యాసంలో వివరించారు. సూక్ష్మజీవులతో నిండిన రాయిని నేటికీ ఆ రంగంలో ‘లైవ్ రాక్’ అనే పిలుస్తున్నారు.

ఆరిపోయిన రాయిలో ఆ సూక్ష్మజీవులు చనిపోతాయి. అయితే వాటి నివాసం, అంటే రంధ్రాల నిర్మాణం, చెక్కుచెదరదు. పాత రాయిని సిద్ధం చేయడమంటే ఆ ఇంటిని శుభ్రం చేసి, కొత్తవారిని చేర్చడమే. ఒక విధంగా ఎండటం మేలే చేస్తుంది. రాతి సందుల్లో దాగి అక్వేరియాన్ని ఆక్రమించే ఐప్టేసియా వంటి కలుపు జీవులు పూర్తిగా ఎండిన రాయిలో మిగలవు.

ముందుగా రాయి చరిత్ర తెలుసుకోవాలి

శుభ్రం చేయడానికి ముందే రాయి ఎక్కడిదో తేల్చుకోవాలి. అక్వేరియం రాళ్లు సాధారణంగా మూడు రకాలు: సిమెంటుతోనో, పింగాణీ మట్టితోనో తయారైనవి, భూమిపై గనుల నుంచి తీసిన సున్నపురాళ్లు, సహజ పగడపు రాళ్లు. మొదటి రెండింటికీ చట్టపరమైన చిక్కు లేదు. మూడవ రకం విషయంలో అది చట్టబద్ధంగా వచ్చినదని తెలిపే పత్రాలు ఉండాలి. ఎన్నో ఏళ్లుగా ఇంట్లో ఉన్నంత మాత్రాన దానికి చట్టబద్ధత రాదు. పత్రాలు లేని పగడపు రాయిని వాడటం, అమ్మడం, ఇతరులకు ఇవ్వడం వంటివి చేయకుండా అటవీశాఖ వన్యప్రాణి విభాగాన్ని సంప్రదించడమే సరైన మార్గం.

రెండవ ప్రశ్న, ఆ రాయి గతంలో ఎలాంటి నీటిలో ఉంది అన్నది. చేపల వ్యాధులకు రాగి కలిసిన మందులు వాడటం మామూలే. సున్నపు రాయి రాగిని పీల్చుకుని, తరువాత నెమ్మదిగా నీటిలోకి వదులుతుంది. చేపలు తట్టుకోగలిగే స్వల్ప మోతాదు కూడా రొయ్యలకు, పీతలకు, నత్తలకు, పగడాలకు ప్రాణాంతకం. రాగి మందు వాడిన తొట్టెలోని రాయిని ఈ జీవులున్న అక్వేరియంలో పెట్టకూడదు. ఎంత కడిగినా దానిని నమ్మలేం.

మూడవ ప్రశ్న, ఎండిన కాలంలో రాయి ఎక్కడ ఉంది అన్నది. పెరట్లో పురుగుమందు చల్లిన చోట, డీజిల్, రంగుల డబ్బాలు ఉంచిన గదిలో పడి ఉన్న రాయిని వదులుకోవడమే మంచిది. పురుగుమందులు కీటకాలను చంపినట్లే రొయ్యలనూ చంపుతాయి. తుప్పు మరకలున్న రాయిలో ఇనుప మేకు వంటిది ఇరుక్కుని ఉందేమో కూడా పరిశీలించాలి.

మరిగించడం ప్రమాదకరం

రాయిని నీటిలో వేసి మరిగిస్తే అంతా శుభ్రమవుతుందన్న సలహా అక్కడక్కడా వినిపిస్తుంది. ఇది ఏ పరిస్థితిలోనూ చేయకూడని పని. రాళ్లపై చాపలా పెరిగే జోయాంథిడ్ అనే మెత్తని జీవుల్లో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రకృతిలో లభించే అత్యంత తీవ్రమైన విషాల్లో ఇది ఒకటి. హవాయి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దీనిని వేరుచేసిన వివరాలు 1971లో వెలువడ్డాయి. వేడికి ఇది సులభంగా నశించదు. ఆవిరితో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరితే జ్వరం, దగ్గు, ఆయాసం, ఛాతీనొప్పి కలుగుతాయి. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఇంటి అక్వేరియాన్ని శుభ్రం చేస్తున్న ఒక కుటుంబం ఈ విషం బారిన పడి ఆసుపత్రిలో చేరింది. మరిగించడంలో మరో ప్రమాదమూ ఉంది. రంధ్రాల్లో చిక్కుకున్న నీరు ఆవిరై రాయి పగలవచ్చు.

ఎండిన రాయిని తోమేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. పొడి రాయిని బ్రష్‌తో రుద్దితే దుమ్ము లేస్తుంది. ముందుగా రాయిని తడిపి, ఆరుబయట కూర్చుని, రబ్బరు చేతొడుగులు, కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు ధరించి పని మొదలుపెట్టాలి. చేతికి గాయముంటే ఆ పని వాయిదా వేయాలి. గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో ఎండిన నాచు, స్పంజి అవశేషాలు, పురుగుల గొట్టాలు తొలగించాలి. సందుల్లోని మడ్డి గొట్టం నీటి ధారతో బయటకు వస్తుంది. ఈ మొదటి తోమకంలో ఎంత మురికి పోతే తరువాతి దశలు అంత సులభమవుతాయి.

బ్లీచింగ్ ద్రావణం

బ్రష్‌కు అందని సేంద్రియ మలినాలను కరిగించడానికి ఇంట్లో వాడే ద్రవరూప బ్లీచ్ సరిపోతుంది. సువాసనలు, సబ్బు కలపని సాదా బ్లీచ్‌నే ఎంచుకోవాలి. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో 10 పాళ్ల నీటికి 1 పాలు బ్లీచ్ కలిపి, రాళ్లు పూర్తిగా మునిగేలా ఉంచాలి. నీటిని కదిలించే చిన్న పంపు అమర్చితే ద్రావణం రంధ్రాల్లోకి చేరుతుంది. మురికిని బట్టి ఒకటి రెండు రోజుల నుంచి వారం వరకు ఉంచవచ్చు. బ్లీచ్ సున్నపు రాయిని కరిగించదు, దాని రంధ్రాలను పాడుచేయదు.

ఆ తరువాత రాళ్లను శుభ్రమైన నీటిలో రెండు మూడు సార్లు నానబెట్టి కడగాలి. నీటిలో క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ అక్వేరియం దుకాణాల్లో లభిస్తుంది. చివరిసారి నానబెట్టే నీటిలో దానిని కలపాలి. అనంతరం ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే క్లోరిన్ వాసన ఏమాత్రం తగలకూడదు. వాడిన ద్రావణాన్ని కూడా థయోసల్ఫేట్‌తో విరిచిన తరువాతే పారబోయాలి. దానిని నేరుగా సముద్రపు పాయలోకో, మడ అడవుల వైపు సాగే కాలువలోకో వదలడం అక్కడి జీవులకు హాని చేస్తుంది.

ఆమ్లం అవసరమా?

కొందరు రాళ్లను హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో కొద్దిసేపు ముంచుతారు. ఆమ్లం సున్నపు రాతి పైపొరను కరిగిస్తుంది. ఆ పొరతో పాటు దానికి అంటుకున్న ఫాస్ఫేట్, పాత నాచు ఊడిపోతాయి. ఫలితం త్వరగా కనిపించినా ఇది అందరికీ తగిన పద్ధతి కాదు. చర్మం, కళ్లు, ఊపిరితిత్తులకు హాని కలిగించే ఈ పనిని పిల్లలున్న ఇంట్లో తలపెట్టకపోవడమే మేలు. సిమెంటుతో చేసిన రాళ్లను ఆమ్లం బలహీనపరుస్తుంది. కనుక వాటికి ఇది పనికిరాదు.

తప్పనిసరి అయితే మూడు నియమాలు పాటించాలి. మొదటిది, ఎప్పుడూ నీటిలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీరు పోయరాదు. రెండవది, బ్లీచ్‌తో పని పూర్తై, రాయి కడిగి ఆరిన తరువాతే ఆమ్లం జోలికి వెళ్లాలి. ఈ రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మూడవది, పని ముగిశాక వంటసోడా కలిపిన నీటితో ఆమ్లాన్ని తటస్థం చేయాలి. అంత సాహసం వద్దనుకునే వారు తెల్ల వెనిగర్ కలిపిన నీటిలో రాళ్లను ఒక రోజు నానబెట్టవచ్చు. దాని ప్రభావం స్వల్పం, ప్రమాదమూ స్వల్పమే.

ఎండాకాలం ఎండ, వానాకాలం నీరు

దీవుల వాతావరణం ఈ పనిలో ప్రధాన పాత్ర వహిస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. మే నుంచి డిసెంబరు వరకు రెండు ఋతుపవనాల వానలు ఉంటాయి. గాలిలో తేమ వల్ల ఆ నెలల్లో రాయి లోపలి వరకు ఆరడం కష్టం. పైకి పొడిగా కనిపించినా లోపల తడి మిగిలి కుళ్లు వాసన వస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఎండ బాగా కాస్తుంది గానీ, అప్పుడే నీటికి కటకట. నగరానికి తాగునీరందించే ధనిఖారి జలాశయంలో మట్టం తగ్గి, వేసవిలో కుళాయిలకు వంతులు వేయాల్సిన పరిస్థితి దీవుల ప్రజలకు కొత్త కాదు.

అందువల్ల పనిని ఋతువుల ప్రకారం విభజించుకోవడం వివేకం. కడగడం, నానబెట్టడం వంటి నీరు ఎక్కువ ఖర్చయ్యే దశలను వానాకాలంలో ఇంటి కప్పు నుంచి పట్టిన వాననీటితో ముగించాలి. పూర్తిగా ఆరబెట్టడాన్ని జనవరి ఎండలకు వదిలేయాలి. తాగునీటిని రాళ్ల కోసం ఖర్చుచేయడం ఏ ద్వీపంలోనైనా సమర్థనీయం కాదు.

ఉప్పునీటిలో నానబెట్టడం

రాయి చూడటానికి తెల్లగా, వాసన లేకుండా మారినంత మాత్రాన పని పూర్తి కాదు. కంటికి కనిపించని ఫాస్ఫేట్ మిగిలే ఉంటుంది. పాత అక్వేరియంలో ఏళ్ల తరబడి వేసిన మేత నుంచి పుట్టిన ఫాస్ఫేట్‌ను సున్నపు రాయి తన ఉపరితలంపై పట్టి ఉంచుతుంది. కొత్త తొట్టెలో ఫాస్ఫేట్ లేని నీరు తగిలినప్పుడు దానిని కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. పాత రాయి పెట్టిన కొత్త అక్వేరియంలో నెల తిరిగేసరికి పచ్చని నాచు ముసురుకోవడానికి తరచు ఇదే కారణం. ఫాస్ఫేట్ అధికమైతే పగడాల సున్నపు నిర్మాణం కూడా మందగిస్తుంది.

దీనికి విరుగుడు రాళ్లను అక్వేరియంలో పెట్టే ముందే వేరే టబ్బులో ఉప్పునీటిలో ఉంచడం. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల అక్వేరియం ఉప్పు కలపాలి. వంట ఉప్పు దీనికి ప్రత్యామ్నాయం కాదు. అందులో కాల్షియం, మెగ్నీషియం తగినంత ఉండవు. సముద్రపు నీటినే వాడదలచుకుంటే ఓడరేవుకు, మురుగుకాలువలకు దూరంగా ఉన్న చోట నుంచి తెచ్చుకుని, లవణీయత కొలవాలి. మయన్మార్‌లోని ఇరావడి నది తెచ్చే మంచినీటి ప్రభావంతో అండమాన్ సముద్రపు ఉపరితల లవణీయత బహిరంగ మహాసముద్రం కంటే తక్కువగా ఉంటుంది. వానాకాలంలో తీరం వద్ద అది ఇంకా తగ్గుతుంది. హైడ్రోమీటర్‌లో 1.025 దగ్గర సూచిక నిలవాలి.

టబ్బుపై మూత వేసి చీకటిగా ఉంచితే నాచు పెరగదు. లోపల పంపు నిరంతరం తిరుగుతూ ఉండాలి. ప్రధాన భూభాగంలోని చల్లని ప్రాంతాల్లో నీటిని వేడిచేసే పరికరం కావాలి. దీవుల్లో ఏడాది పొడవునా ఉండే ఉష్ణోగ్రతే సరిపోతుంది. నీరు ఆవిరై తగ్గినప్పుడు మంచినీరే కలపాలి. ఆవిరయ్యేది నీరే గానీ ఉప్పు కాదు. వారానికోసారి ఫాస్ఫేట్ పరీక్ష చేసి, ఎక్కువగా ఉంటే నీటిని మార్చాలి. ఇనుప ఆక్సైడ్ గుళికలను సంచిలో వేసి నీటిలో ఉంచితే ఫాస్ఫేట్‌ను పీల్చుకుంటాయి. లీటరుకు 0.1 మిల్లీగ్రాము కంటే తగ్గి, గుళికలు తీసేసిన తరువాత కూడా రెండు వారాల పాటు అక్కడే నిలకడగా ఉంటే రాయి సిద్ధమైనట్లే.

కొత్తగా చేసిన సిమెంటు రాళ్ల సమస్య వేరు. వాటి నుంచి సున్నపు క్షారం నీటిలోకి దిగి పీహెచ్ విపరీతంగా పెరుగుతుంది. నీటిని మారుస్తూ వారాల తరబడి నానబెట్టి, పీహెచ్ 8.5 లోపు నిలిచేవరకు ఆగాలి. పాత సిమెంటు రాళ్లలో ఈ క్షారం ఇదివరకే చాలామేరకు కరిగిపోయి ఉంటుంది. పాత రాయికి ఉన్న మేలు ఇది.

మళ్లీ ప్రాణం పోయడం

శుభ్రమైన రాయిలో ఇప్పుడు సూక్ష్మజీవులు లేవు. అదే టబ్బులో ఈ చివరి దశ కూడా పూర్తి చేయవచ్చు. ఆరోగ్యంగా నడుస్తున్న మరో అక్వేరియం నుంచి గుప్పెడు ఇసుకో, వడపోత స్పంజి ముక్కో తెచ్చి వేస్తే అందులోని బాక్టీరియా రాళ్లకు వ్యాపిస్తుంది. సీసాల్లో లభించే బాక్టీరియా ద్రావణాలూ ఉన్నాయి. వాటికి ఆహారంగా లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదులో అమోనియా అందించాలి.

మొదట అమోనియా తగ్గి నైట్రైట్ పెరుగుతుంది. తరువాత నైట్రైట్ తగ్గి నైట్రేట్ పెరుగుతుంది. ఈ బాక్టీరియా వృద్ధి చాలా నెమ్మది. ఒకటి రెండుగా మారడానికి చాలా గంటలు, ఒక్కోసారి ఒక రోజు పడుతుంది. అందుకే ఈ దశకు సాధారణంగా 4 నుంచి 8 వారాలు కావాలి. అమోనియా వేసిన 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరితే రాయి పనిచేయడం మొదలుపెట్టిందని అర్థం. అప్పుడు నీరు చాలావరకు మార్చి, రాళ్లను అక్వేరియంలో కదలకుండా అమర్చి, ఒకటి రెండు గట్టి చేపలతో ప్రారంభించాలి. చేపలను ఒకేసారి నింపితే బాక్టీరియా ఆ భారాన్ని మోయలేదు. నత్రజని వాయువును విడుదల చేసే లోపలి రంధ్రాల సూక్ష్మజీవులు స్థిరపడటానికి ఇంకా నెలలు పడుతుంది.

2004 చూపిన పాఠం

ఎండిన పగడపు రాయి అంటే ఏమిటో అండమాన్ ప్రజలు భారీ స్థాయిలో చూసిన రోజు 2004 డిసెంబరు 26. సుమత్రా వద్ద 9.1 తీవ్రతతో సంభవించిన భూకంపం సునామీని తేవడమే కాక దీవుల నేల మట్టాన్నే మార్చివేసింది. ఉత్తర అండమాన్‌లోనూ, పశ్చిమ తీరం వెంబడి దీవుల్లోనూ నేల పైకి లేచింది. కొన్ని చోట్ల అది మీటరుకు పైమాటే. అంతవరకు నీటిలో ఉన్న పగడపు దిబ్బలు పోటు వచ్చినా తడవని ఎత్తుకు చేరి, ఎండకు తెల్లబడి చనిపోయాయి. దక్షిణాన గ్రేట్ నికోబార్‌లో ఇందుకు విరుద్ధంగా నేల కుంగింది. ఇందిరా పాయింట్ వద్ద ఆ కుంగుబాటు 4 మీటర్లకు పైగా ఉంది.

నీటి బయట మిగిలిన దిబ్బకు తిరిగి ప్రాణం రాలేదు. నీటిలో చనిపోయి, కదలకుండా స్థిరంగా ఉన్న రాయిపై మాత్రం గులాబీ రంగు సున్నపు నాచు పొర కట్టి, దానిపై కొత్త పగడపు లార్వాలు స్థిరపడగలవు. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడిన 1998, 2010, 2016 సంవత్సరాల తరువాత అండమాన్ దిబ్బలకు మిగిలిన ఆశ ఈ ప్రక్రియే. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు నాలుగవ ప్రపంచవ్యాప్త తెల్లబాటును ప్రకటించారు. ఇటువంటి సమయంలో సముద్రం అడుగున ఉన్న ప్రతి గట్టి రాయీ రేపటి దిబ్బకు పునాది. వండూర్ వద్ద 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానంలో రాయినీ, గవ్వనూ ముట్టుకోనివ్వకపోవడం వెనుక ఉన్న ఉద్దేశం ఇదే.

తిరిగి సముద్రంలో వేయడమూ తప్పే

అక్వేరియం అక్కరలేదనుకున్నప్పుడు ‘సముద్రానిది సముద్రానికే’ అంటూ రాళ్లను, చేపలను తీరంలో వదిలివేయడం మంచిపని అనిపించవచ్చు. ఇది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఇతర ప్రాంతాల జీవులు, వ్యాధికారక క్రిములు రాతి సందుల్లో దాగి దిబ్బలకు చేరవచ్చు. 1984లో మొనాకో సముద్ర ప్రదర్శనశాల సమీపంలో తొలిసారి కనిపించిన కౌలెర్పా అనే అక్వేరియం నాచు మధ్యధరా సముద్రంలో వేలాది హెక్టార్లకు వ్యాపించింది. అక్వేరియాల నుంచి విడుదలైన సింహచేప అమెరికా తూర్పుతీరాన్ని, కరీబియన్ సముద్రాన్ని ఆక్రమించింది. వద్దనుకున్న రాళ్లను ఎండబెట్టి, వాడుకునే మరొకరికి ఇవ్వడం ఉత్తమం. అయితే వాటి చరిత్రను, ముఖ్యంగా రాగి మందుల సంగతిని, తప్పక చెప్పాలి.

మూడు నెలల ఓపిక

పాత రాయిని సిద్ధం చేయడానికి దగ్గరి దారి లేదు. తోమడం ఒక రోజు, బ్లీచింగ్ ఒక వారం, ఆరబెట్టడం మరో వారం, ఉప్పునీటిలో ఉంచి సూక్ష్మజీవులను స్థిరపరచడం రెండు నెలలు. తొందరపడి ఏ దశను వదిలేసినా దాని మూల్యం చెల్లించేవి తొట్టెలోకి వచ్చే చేపలే. తీరంలో వంగి రాయి తీసుకోవడానికి ఒక నిమిషం చాలు. ఆ రాయి తయారు కావడానికి పట్టిన కాలంతో పోల్చితే మూడు నెలలు ఎక్కువేమీ కాదు. గోనెసంచిలోని పాత రాయి మళ్లీ అక్వేరియంలోకి చేరిన ప్రతిసారీ, సముద్రంలోని ఒక రాయి తన చోట తాను మిగిలి ఉంటుంది.